నడుం నొప్పి ఉంది మాస్టారూ!

మా కరాటే క్లాసు జరిగే మున్సిపల్ స్కూలు వరండాలో బ్రూస్ లీ పోస్టరు ఒకటి ఉంది. ‘ఎంటర్ ద డ్రాగన్’ సినిమాలోది. చొక్కా లేని ఒళ్లు, పొట్ట మీద గోళ్ల గాట్లు, దెబ్బకి సిద్ధంగా ఉన్న చేతులు. రంగు వెలిసిపోయింది, ఓ మూల చిరిగింది, అయినా దాన్ని ఎవరూ తీయరు. తెలుగునాట పాత కరాటే స్కూళ్లలో ఈ బొమ్మ లేని గోడ అరుదు. ఆ బొమ్మ చూసే మా తరంలో చాలామంది తెల్ల బెల్టు కట్టుకున్నాం.

ఆ సినిమా 1973లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు అదే మనిషి నడుం దెబ్బతిని మంచాన పడ్డాడని, ఇక కాలెత్తి తన్నడం కుదరదని డాక్టర్లు తేల్చేశారని మాకెవరూ చెప్పలేదు. నలభై ఆరేళ్ల వయసులో నా నడుం పట్టేసి, వెల్లకిలా పడుకుని ఇంటి కప్పు చూస్తున్న రోజుల్లో ఆ సంగతి చదివాను. ముందే తెలిసి ఉంటే నేను మరోలా నడుచుకునేవాణ్ని.

కిందటేడు వేసవిలో ఒక ఆదివారం. రాజమహేంద్రవరంలో తెల్లవారుజామున ఐదున్నరకే క్లాసు. ఐదింటికి లేచి, మొహం కడుక్కుని, బండేసుకుని వచ్చేశాను. వచ్చీ రాగానే వరసలో నిలబడి అందరితో పాటు వంగి కాలివేళ్లు ముట్టుకోవడం మొదలుపెట్టాను. పది, ఇరవై, ముప్పై. తర్వాత మవాషి గెరి, అంటే పక్కనుంచి కాలు తిప్పి కొట్టే కిక్కు. ఎడమకాలి మీద నిలబడి కుడికాలు లేపాను. కాలు పైకి వెళ్లింది గానీ, నిలబడ్డ పాదం మాత్రం సిమెంటు నేలకి అతుక్కుపోయినట్టు కదల్లేదు. నడుంలో కలుక్కుమంది. పిర్ర దగ్గర మొదలై పిక్క దాకా మంట ఒకటి గీత గీసినట్టు దిగింది.

అక్కడే ఆగి, పక్కకి వెళ్లి కూర్చోవలసింది. కూర్చోలేదు. పళ్లబిగువున మిగతా గంటా పూర్తిచేశాను. మాస్టారికి చెప్పలేదు, పక్కనున్న కుర్రాళ్లకీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే దానికో పాత కథ ఉంది. ఇరవయ్యేళ్ల వయసులో వేరే ఊళ్లో, వేరే చోట కొన్నాళ్లు నేర్చుకున్నాను. ఒకరోజు నడుం నొప్పిగా ఉందన్నాను. నేర్పించే ఆయన అందరి ముందూ నిలబెట్టి, నొప్పి అనే మాట ఇక్కడ వినపడకూడదని చెప్పి, నాచేత వంద సిటప్పులు అదనంగా చేయించాడు. ఆ వారమే మానేశాను. మళ్లీ బెల్టు కట్టడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. కళ మీద ఇష్టం పోలేదు గానీ, ఆ రోజు నేర్చుకున్న మౌనం మాత్రం ఒంట్లో ఉండిపోయింది. ఇలా నోరు మూసుకుని సాధన చేసేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉన్నారు. ఇది రాస్తున్నది వాళ్ల కోసమే.

పోస్టరులోని మనిషి కథ

1970లో బ్రూస్ లీకి ఇరవై తొమ్మిదేళ్లు. ఓ రోజు వార్మప్ లేకుండానే భుజాల మీద బరువు పెట్టుకుని ముందుకు వంగి లేచే కసరత్తు చేశాడు. జిమ్ములో దాన్ని ‘గుడ్ మార్నింగ్’ అంటారు. బరువు 135 పౌండ్లు, అంటే 61 కిలోల పైచిలుకు. దాదాపు తన ఒంటి బరువంత. నడుం కింది భాగంలో నాడి ఒకటి దెబ్బతిందని, కుంగ్‌ఫూ ఇక మర్చిపోవాలని వైద్యులు చెప్పారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఇల్లు గడవడానికి భార్య లిండా ఉద్యోగానికి వెళ్లింది.

ఆరు నెలలు మంచమే లోకమైంది. ఆ ఆరు నెలలూ చదివాడు, రాశాడు. యుద్ధకళల గురించి అతను రాసుకున్న కాగితాల్లోంచి ఏర్చి కూర్చిన ‘తావో ఆఫ్ జీత్ కున్ దో’ అతను పోయాక, 1975లో పుస్తకంగా వచ్చింది. తన విజిటింగ్ కార్డు వెనక ‘వాక్ ఆన్’ అని రాసుకుని, కళ్లెదురుగా పెట్టుకున్నాడట. మెల్లగా లేచాడు, నడిచాడు, మళ్లీ కాలెత్తాడు. 1971లో ‘ది బిగ్ బాస్’, 1972లో ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’, ‘వే ఆఫ్ ద డ్రాగన్’, ఆ మరుసటేడు ‘ఎంటర్ ద డ్రాగన్’. ఈ నాలుగు సినిమాల్లో మనం ఈలలేసి చూసిన కిక్కులన్నీ ఆ నడుంతో కొట్టినవే. నొప్పి మాత్రం పూర్తిగా వదల్లేదు. 1973 జులై 20న, ముప్పై రెండేళ్లకే కన్నుమూసేదాకా దానితో వేగుతూనే ఉన్నాడు.

ఈ కథని పట్టుదలకి ఉదాహరణగా చెబుతారు. పట్టుదల నిజమే. నాకు మాత్రం అందులో అంతకంటే పనికొచ్చే విషయాలు రెండు కనిపించాయి. అతని నడుం దెబ్బతిన్నది పోరాటంలో కాదు, కసరత్తులో. అదీ ఒళ్లు వేడెక్కకుండా, బరువుతో ముందుకు వంగినప్పుడు. రెండోది, అతను తిరిగొచ్చింది ఒక్క గెంతులో కాదు, మెట్టు మెట్టుగా. ఆరు నెలల మంచం మాత్రం ఇప్పటి వైద్యం ఒప్పుకోదు. మామూలు నడుం నొప్పికి రోజుల తరబడి పడుకోవడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని, ఓర్చుకోగలిగినంత మేర కదులుతూ ఉండాలని నేటి వైద్యుల మాట.

రిపోర్టు చదివి భయపడ్డాను

ఆ ఆదివారం క్లాసు అయిన మర్నాడు పొద్దున నాకు మంచం దిగడానికే పావుగంట పట్టింది. వారం తర్వాత ఎమ్మారై తీయించారు. ‘ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గర డిస్క్ బల్జ్’ అని రాసి ఉంది. ఇంగ్లిషులో ఉన్న ఆ రెండు లైన్లు చదివి, కరాటేకి దణ్ణం పెట్టేయాల్సిందే అనుకున్నాను. చుట్టాలు ఫోన్లు చేసి అదే మాట చెప్పారు. నడుం బెల్టు కొనిచ్చారు.

తర్వాత తెలిసిన సంగతులు ఇవి. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. సగం మందికి పైగా ఏదో ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. వాళ్లకి నొప్పే లేదు! 2015లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఏ నొప్పీ లేని ఇరవయ్యేళ్లవాళ్లలోనే 30 శాతం మందికి, ఎనభయ్యేళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. తల నెరిసినట్టే డిస్కులూ వయసుతో మారతాయి. రిపోర్టులోని ఆ మాట ఒక్కటే చూసి సాధన మానేసినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. వాళ్లని తలుచుకుంటే బాధేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో నడుం నొప్పితో ఉన్నవాళ్లు 61.9 కోట్ల మంది. 2050కి 84.3 కోట్లు అవుతారని అంచనా. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ఆ సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. వ్యాయామం చేయమంది, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పమంది. నడుం బెల్టులు, ట్రాక్షను లాంటివి రోజువారీ వైద్యంగా వద్దంది. మా చుట్టాలు ప్రేమగా కొనిచ్చిన బెల్టు బీరువాలో ఉంది. నడుముకి నేను కట్టేది కరాటే బెల్టు ఒక్కటే.

నిలబడ్డ పాదం

నన్ను మళ్లీ నిలబెట్టింది ఫిజియోథెరపిస్టు మేడమ్. మొదటిరోజే ఆవిడ అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

“మీ కిక్కు ఒకసారి చూపించండి సార్. నెమ్మదిగా, మోకాలి ఎత్తు వరకే.”

చూపించాను. ఆవిడ నా గాల్లో ఉన్న కాలి వైపు చూడనేలేదు. కింద ఉన్న పాదం వైపే చూశారు. “ఇది తిరగట్లేదు సార్. ఇది తిరక్కపోతే ఆ మెలి అంతా ఎక్కడికి పోతుంది?”

నడుంలోకి పోతుంది. నడుం భాగంలో ఉన్న వెన్నుపూసలు ఐదు. వాటి కీళ్లు ముందుకూ వెనక్కూ వంగడానికి అనువుగా ఉంటాయి, పక్కకి మెలి తిరగడానికి కావు. ఒక్కో పూస తిరిగేది మహా అయితే రెండు మూడు డిగ్రీలు. బాగా తిరగగలిగేవి దానికి పైనున్న ఛాతీ పూసలు, కింద ఉన్న తుంటి కీళ్లు. తుంటి కీలు గిన్నెలో గుండులా ఉంటుంది, ఎటైనా తిరుగుతుంది. మవాషి గెరి కొట్టేటప్పుడు నిలబడ్డ పాదం ముందు భాగం మీద ఒళ్లు తిరిగి, మడమ ఎదుటివాడి వైపు రావాలి. అప్పుడే తుంటి తెరుచుకుంటుంది, కాలు తనంతట తానే పైకి పోతుంది. పాదం అతుక్కుపోతే మోకాలు, నడుం రెండూ ఆ మెలిని మోయాలి. వేసవి రోజు, చెమటకి జిగురెక్కిన అరికాలు, గరుకు సిమెంటు నేల, నాలుగు పదులు దాటిన ఒళ్లు. ఆ ఆదివారం జరిగింది అదే.

ఈ మాట నేను చిన్నప్పుడే విన్నాను. మా అమ్మమ్మగారి ఊరు అమలాపురం దగ్గర. దసరాకి అక్కడ చెడీ తాలింఖానా చూడడానికి కోనసీమ అంతా తరలి వస్తుంది. వీధుల్లో కర్రలు, కత్తులు తిప్పుతూ ఊరేగింపు సాగుతుంది. మా మేనమామ కర్రసాము చేసేవాడు. నాకు పదేళ్లప్పుడు కర్ర చేతికిచ్చి, నేను భుజాలు ఊపేస్తుంటే కాలి మీద చిన్నగా తట్టి, “ముందు పాదం తిరగాలిరా అల్లుడూ, కర్ర దాని వెనకే వస్తుంది” అన్నాడు. మామయ్య ఇప్పుడు లేడు. ఆ కర్ర మా ఇంట్లో ఉంది.

రెండో వారం మేడమ్ ఇంట్లో కర్ర ఏదైనా ఉంటే తెమ్మన్నారు. ఆ కర్రే పట్టుకెళ్లాను. దాన్ని నా వీపు వెనక నిలువుగా పట్టించారు. తల వెనక, రెండు రెక్కల ఎముకల మధ్య, పిర్రల పైనున్న త్రికం దగ్గర, మూడు చోట్ల కర్ర తగలాలి. ఆ మూడూ వదలకుండా ముందుకు వంగమన్నారు. నాలుగు అంగుళాలు వంగేసరికి కింద కర్ర వదిలేసింది. నేను ఇన్నేళ్లూ వంగుతున్నది నడుం దగ్గర. వంగాల్సింది తుంటి దగ్గర. పిర్రలు వెనక్కి నెట్టి, మోకాళ్లు కొంచెం వదులు చేసి, కర్ర మూడు చోట్లా తగులుతూ ఉండగా వంగడం రావడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అది వచ్చాక బిందె ఎత్తడం మారింది, బండి స్టాండు వేయడం మారింది, క్లాసులో వంగి నమస్కరించడం కూడా మారింది. నడుం నొప్పి ఉన్న ప్రతి సాధకుడూ ముందు ఈ కర్ర పరీక్ష చేసి చూసుకోవాలి. ఖర్చు లేదు, ప్రమాదం లేదు.

తెల్లవారి వంగడం, వందల సిటప్పులు

మన దగ్గర క్లాసులన్నీ తెల్లవారుజామునే. ఎండ రాకముందే అయిపోవాలి, పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకి వెళ్లాలి. దీనిలో ఒక చిక్కుంది. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తు పెరిగి ఉండేది అందుకే. ఉబ్బిన డిస్కు మీద, లేచిన వెంటనే ముందుకు వంగితే ఒత్తిడి బాగా ఎక్కువ. లేచిన తర్వాత కొన్ని గంటలు నడుం వంచడం తగ్గించినవాళ్లకి నొప్పి తగ్గిందని 1998లో ఒక అధ్యయనం తేల్చింది. ఐదింటికి లేచి ఐదున్నరకి కాలివేళ్లు ముట్టుకోవడం నడుం నొప్పి ఉన్నవాడు చేయగూడని పని. నేనిప్పుడు నాలుగున్నరకి లేస్తున్నాను. గోదావరి గట్టు మీద అరగంట నడిచి క్లాసుకి వెళ్తున్నాను. వంగే కసరత్తులన్నీ చివరికి జరిపాను.

ఇక సిటప్పులు. వీటి మీద నాకు పాత కోపం ఉంది, ఆ సంగతి పైన చెప్పాను. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాలు పరిశోధన చేసిన ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ లెక్కగట్టిందాని ప్రకారం ఒక్క సిటప్పుకి నడుం మీద పడే ఒత్తిడి సుమారు 3300 న్యూటన్లు. అంటే 330 కిలోల పైన బరువు నొక్కినంత. దాన్ని వందసార్లు చేయించడం శిక్షణ అనిపించుకోదు. అమెరికా సైన్యమే తన ఫిట్‌నెస్ పరీక్షలోంచి సిటప్పులు తీసేసి ప్లాంక్ పెట్టింది. మెక్‌గిల్ చెప్పే మూడు కసరత్తులు ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ఒక మోకాలు మడిచి, వెల్లకిలా పడుకుని, నడుం కింద అరచేతులు పెట్టుకుని తలా భుజాలూ మాత్రం కొద్దిగా లేపి ఆపడం. పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్లు లేపి నిలపడం. నాలుగు కాళ్ల మీద ఉన్నట్టు ఉండి, ఒక చేయీ ఎదురు కాలూ చాపి ఆపడం. ఒక్కోటి పది సెకన్లకి మించి పట్టనక్కర్లేదు.

ఆయనదే ఇంకో పరిశోధన నా కిక్కునే మార్చింది. 2010లో అగ్రశ్రేణి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ యోధుల కండరాలకి తీగలు తగిలించి చూశారు. దెబ్బ మొదలయ్యేటప్పుడు ఒకసారి కండరాలు బిగుస్తాయి. మధ్యలో వదులవుతాయి. తగిలే క్షణంలో మళ్లీ బిగుస్తాయి. ఆ మధ్యలోని వదులే వేగం ఇస్తుంది. కరాటేలో ‘కిమె’ అని పెద్దలు నేర్పేది ఇదే. నడుం నొప్పి వచ్చినవాడు భయంతో ఒళ్లంతా బిగబట్టి, మొదటి నుంచి చివరిదాకా కర్రలా కొడతాడు. దెబ్బకి వేగం ఉండదు, నడుంకి విశ్రాంతి ఉండదు. నేను మూడు నెలలు అలాగే కొట్టాను.

జూడో నేర్చుకునేవాళ్లకి ఒక్క మాట. 1882లో టోక్యోలోని ఒక ఆలయంలో పన్నెండు చాపల గదిలో జిగోరో కానో కొడోకాన్ మొదలుపెట్టాడు. జూడోలో విసరడానికి ముందే పడడం నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, చేత్తో చాపని చరుస్తూ పడితే దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆ పడడం ఒంటపట్టేదాకా విసిరించుకోవద్దు. మ్యాట్లు లేని సిమెంటు నేల మీద జూడో నేర్పేచోట అసలే చేరొద్దు.

పిల్లల నడుం వేరు

పెద్దలకి చెప్పినవన్నీ పిల్లలకి చెప్పలేం. ఎదిగే వయసులో పదేపదే విల్లులా వెనక్కి వంగి మెలి తిరిగే ఆటలు ఆడేవాళ్లకి, అంటే ఫాస్ట్ బౌలర్లకి, జిమ్నాస్టులకి, జూడో పిల్లలకి, నడుం చివరి పూసలో సన్నటి బీటు పడే అవకాశం ఎక్కువ. ముందే గుర్తించి ఆట ఆపి విశ్రాంతి ఇస్తే చాలామందిలో మానుతుంది. గుర్తించకుండా టోర్నమెంటు తర్వాత చూద్దాంలే అంటే మానదు. పన్నెండు పదమూడేళ్ల పిల్ల వెనక్కి వంగినప్పుడు నడుం నొప్పి అని, రెండు మూడు వారాలకీ అదే మాట అంటే, అమ్మానాన్నలు కాపడాలతో, బాములతో కాలక్షేపం చేయకుండా ఎముకల డాక్టరుకి చూపించాలి.

పెద్దలకైనా కొన్ని లక్షణాలు కనబడితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం, మలం అదుపు తప్పడం, లేదా మూత్రం రాకపోవడం. తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం. కాలు రోజురోజుకీ బలం తగ్గి పాదం ఈడ్చడం. జ్వరంతో నడుం నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, ఇదివరకు కేన్సర్ వచ్చి ఉండడం, గట్టిగా పడిన తర్వాత వచ్చిన నొప్పి. వీటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చెప్పిన రోజు

ఆరు వారాల తర్వాత క్లాసుకి వెళ్లాను. అందరూ వరసలో నిలబడక ముందే మాస్టారి దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడి చెప్పాను. “నడుం నొప్పి ఉంది మాస్టారూ. ఆ రోజు క్లాసులోనే వచ్చింది. అప్పుడు చెప్పలేదు.”

ఆయన వయసు అరవై దాటింది. కాసేపు నా వైపు చూసి, “నలభై ఏళ్లుగా నేర్పుతున్నాను. మీరంతా చెప్పకపోతే నాకెలా తెలుస్తుందండీ?” అన్నారు. తర్వాత ఎవరూ వినకుండా తన నడుం సంగతి చెప్పారు. ఆయనకీ పదిహేనేళ్లుగా ఉంది. ఆయనా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి నాకు వేరే దారి వేశారు. మొదటి నెల కిక్కులు లేవు, కటా (వరస కదలికల సాధన) నెమ్మదిగా. రెండో నెల మోకాలి ఎత్తు కిక్కులు, పాదం తిప్పడం మీదే ధ్యాస. మూడో నెల నడుం ఎత్తు. సాధన తర్వాత మర్నాడు నొప్పి ముందు రోజుకన్నా పెరిగితే ఒక మెట్టు దిగడం, పెరగకపోతే అక్కడే ఉండడం. డిసెంబరులో గ్రేడింగుకి తల ఎత్తు కిక్కు బదులు నడుం ఎత్తు కిక్కు కొట్టాను. ఆయన బెల్టు ఇచ్చారు. నొప్పి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. బండి మీద ఎక్కువ దూరం వెళ్తే, వర్షాకాలం తేమలో, ఒక్కోసారి పలకరిస్తుంది. దానితో ఏం చేయాలో ఇప్పుడు నాకు తెలుసు.

మా క్లాసులో రెండు మార్పులు వచ్చాయి. మొదటి పది నిమిషాలు ఇప్పుడు మైదానం చుట్టూ నడక, తర్వాతే మిగతావి. చేరే రోజు నింపే ఫారంలో ఒక లైను చేర్చారు. నడుం, మోకాలు, మెడ నొప్పి ఏదైనా ఉందా, డాక్టరు ఏమన్నారు అని. ఆ లైను పెట్టిన మొదటి నెలలోనే కొత్తగా చేరిన తొమ్మిది మందిలో నలుగురు ఉందని రాశారు.

కరాటే, టైక్వాండో, జూడో, కుంగ్‌ఫూ, కర్రసాము నేర్పే మాస్టార్లందరికీ నా విన్నపం ఇదే. మీ ఫారంలోనూ ఆ ఒక్క లైను పెట్టండి. క్లాసు మొదలుపెట్టే ముందు ఎవరికైనా నొప్పి ఉందా అని రోజూ ఒకసారి పైకి అడగండి. ఎవరైనా చెయ్యెత్తితే అందరి ముందూ మెచ్చుకోండి.